గుమ్మటంలో ఆఖరి కూత

భరణి కార్తె, ఆదివారం. ఆట సమం.

ఇరవై రెండు, ఇరవై రెండు. ఫైనల్ రేపు మళ్ళీ ఆడాలి.

ఆట అయ్యాక రిఫరీ నివేదిక రాయాలని నియమం. ఎవరికి పంపాలో కూడా ఆ నియమంలోనే ఉంది గానీ, ఆ ఎవరూ ఇప్పుడు లేరు. టోర్నమెంటు పెట్టిన కంపెనీవాళ్ళు ఫైనల్ తేలకముందే ఊరు విడిచిపోయారు. చదివేవాళ్ళు లేకపోయినా నేను రాస్తూనే ఉన్నాను. నా పేరు నాంచారయ్య. గవర్నర్‌పేట గుమ్మటంలో జరుగుతున్న ఆడవాళ్ళ కబడ్డీ ఫైనల్‌కి రిఫరీని. ఈ ఫైనల్ మొదలైనప్పటికి నా కూతురు పుట్టలేదు. ఇప్పుడు తూరుపు గేటు జట్టు తరఫున కూతకు వెళ్ళేది అదే.

పొద్దున మ్యాటు తుడిచాను. ఒకప్పటి వీఐపీ గదుల్లో ఇప్పుడు గోంగూర మళ్ళు వేశాం. వాటికి నీళ్ళు పెట్టే వంతు ఈ వారం మా గ్యాలరీది, అదీ చేశాను. కాలువ నీళ్ళు తోడే పంపు దగ్గర బాజీ కనబడి, "సమమేనా అన్నా?" అన్నాడు. "సమమే" అన్నాను. ఇక్కడ ఎవరెదురైనా పలకరింపు ఇదే. బాగున్నారా అని అడిగే అలవాటు ఎప్పుడో పోయింది.

మధ్యాహ్నం కాగానే పెద్దమ్మ మాట్లాడింది. "గుమ్మటం క్రీడా ప్రాంగణానికి స్వాగతం. నేటి ఆకర్షణ, మహిళల కబడ్డీ ఫైనల్." వెంటనే పైనుంచి చల్లగాలి దిగింది. గ్యాలరీల్లో తడిగుడ్డలు కప్పుకుని పడుకున్న ముసలివాళ్ళు ముఖాలు పైకెత్తి గాలి పీల్చుకున్నారు. పెద్దమ్మ అంటే మనిషి కాదు, ఈ భవనాన్ని నడిపే యంత్రం గొంతు. ఆట ఉంటేనే చలవ వదులుతుంది. ఆట లేని రోజున మనుషులు ఉన్నారో పోయారో దానికి పట్టదు. అందుకని రోజూ ఆడతాం, రోజూ సమం చేస్తాం.

మామూలుగా ఫైనల్ సమమైతే అదనపు సమయం ఇస్తారు. ఈ టోర్నమెంటు నియమాలు రాసిన మహానుభావుడెవరో గానీ, రెండో రోజు టికెట్లు కూడా అమ్ముకోవచ్చని, సమమైతే మర్నాడు మళ్ళీ ఆడాలని రాసిపెట్టాడు. వాడి కక్కుర్తి మూడువేల మంది ప్రాణాలు నిలబెడుతోంది. వాడికి మనసులో రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఎవరైనా గెలిస్తే మాత్రం సీజన్ అయిపోయినట్టు. చలవ ఆగిపోతుంది. చెక్క నేలకి చెదలు పట్టకుండా లోపలంతా మందు పొగ వస్తుంది. తలుపులు పడతాయి. మళ్ళీ తెరవాలంటే కొత్త సీజన్ వివరాలు కంపెనీ పంపాలి. కంపెనీ ఎక్కడుంది?

యంత్రం మూత విప్పి చూద్దామని బాజీ తమ్ముడు ఒకసారి చెయ్యి పెట్టాడు. పెద్దమ్మ అలిగి రెండు రోజులు గాలి ఆపేసింది. ఆ వేసవిలో మేం మోసిన శవాల్లో అతనిదీ ఒకటి. ఆ తర్వాత ఎవరూ ఆ గది వైపు పోలేదు.

భరణి కార్తె, గురువారం. ఆట సమం. ఒక హెచ్చరిక.

మ్యాటు ఒక మూల ఊడింది. అతికిద్దామని ఎత్తితే కింద పాత నేల కనబడింది. పసుపు గీతలు వాలీబాల్‌వి, తెల్లవి బ్యాడ్మింటన్‌వి, నీలం బాస్కెట్‌బాల్‌ది. ఒకదానిమీద ఒకటి పడి, తెలియనివాళ్ళకి పిచ్చిగీతల్లా ఉంటాయి. నాకు ఒక్కొక్కటీ గుర్తే. రిఫరీ కాకముందు నేను ఇక్కడ నేల మార్చే ముఠాలో పనిచేశాను. పొద్దున ఆట అయితే సాయంత్రానికి చెక్కలు తీసి, తివాచీ పరిచి, ఎవరిదో పెళ్ళికి వేదిక కట్టేవాళ్ళం. పప్పుచారు మరకలు కడిగి మర్నాడు ఉద్యోగ మేళాకి బల్లలు వేసేవాళ్ళం. ఓట్ల లెక్కింపు ఇక్కడే, పుస్తకాల ప్రదర్శన ఇక్కడే, పోలీసు ఉద్యోగాల రాతపరీక్షా ఇక్కడే. ఒకసారైతే నేలంతా మంచు గడ్డకట్టించి దానిమీద స్కేటింగ్ చేయించారు. బెజవాడ జనం స్వెటర్లు అద్దెకు తెచ్చుకుని మరీ వచ్చి చూశారు.

బుడమేరు పొంగి ఇళ్ళు మునిగినప్పుడు వరద బాధితులు ఈ గ్యాలరీల్లోనే పడుకున్నారు. నీళ్ళు తీశాక వెళ్ళిపోయారు. కుర్చీల కింద మిగిలిన చెప్పులు, పాలసీసాలు మేమే బస్తాల్లోకి ఎత్తాం. జనం మళ్ళీ ఇలా వస్తారని, వచ్చి ఇక పోరని అప్పుడు మాకెవరికీ తోచలేదు.

ఈ ఫైనల్ మొదటి రోజు సమం నిజమైన సమమే. నా భార్య నీలవేణి ఏడో నంబరు జెర్సీలో ఆడింది. ఆట అయ్యాక జనం లేవలేదు. బయట తారు కరిగి చెప్పులు అంటుకుంటున్నాయని, ఊరంతా కరెంటు పోయిందని, గుమ్మటం మాత్రం తన కప్పు మీది ఎండతోనే నడుస్తోందని అప్పటికే తెలిసిపోయింది. రేపు మళ్ళీ ఆట అని పెద్దమ్మ అనగానే చప్పట్లు కొట్టారు. రెండో రోజు సమం మాత్రం అమ్మాయిలు మాట్లాడుకుని చేసిందే. అప్పటినుంచి ఇదే బతుకు.

తుషార నడక నేర్చిన ఏడు నీలవేణి జ్వరమొచ్చి పోయింది. ఇక్కడ పుట్టిన పిల్లలకి అందరూ చల్లని పేర్లే పెట్టుకుంటారు, మేమూ అలాగే పెట్టుకున్నాం. పిల్ల ఎదిగాక తల్లి జెర్సీ వేసుకుంది. పెద్దమ్మ ముఖాలు చూడదు, జెర్సీ నంబరే చూస్తుంది. అందుకని తుషార మ్యాటు మీదికి వచ్చిన ప్రతిసారీ, "ఏడో నంబర్, నీలవేణి" అని ప్రకటిస్తుంది. నా భార్య పేరు నేను రోజూ వింటాను. ఇన్నేళ్ళయినా అలవాటు కాలేదు.

హెచ్చరిక సంగతి రాయాలి. పడమర గేటు జట్టులో ఒకమ్మాయికి కడుపునొప్పి. తుషార తాకకుండానే అబ్బా అని వెల్లకిలా పడింది. సమం చెయ్యడానికి తొందరపడింది పాపం. అంతే, పెద్దమ్మ అందుకుంది. "ఈ ఆటలో సహజత్వం లోపించినట్టు గుర్తించాం. ఇది మొదటి హెచ్చరిక. మూడో హెచ్చరికతో ఫైనల్ రద్దవుతుంది, సీజన్ ముగుస్తుంది." ఇన్నేళ్ళలో ఈ మాట ఎన్నడూ వినలేదు. పందేలు కాసి ఆటలు అమ్ముకునేవాళ్ళని పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటట. ఇప్పుడు మమ్మల్ని పట్టుకుంది.

కృత్తిక కార్తె, మంగళవారం. ఆట సమం. రెండో హెచ్చరిక.

జాగ్రత్తగానే ఆడారు. మరీ జాగ్రత్తగా ఆడారు, అదే కొంప ముంచింది. భయంతో ఒకరినొకరు ముట్టుకోవడం మానేసి గిరగిరా తిరిగారు. పెద్దమ్మ రెండోసారి అదే మాట చదివింది.

సాయంత్రం మ్యాటు మీద అందరం కూర్చున్నాం. పడమర గేటు జట్టుకి ఆట నేర్పే సామ్రాజ్యమ్మ లేచి నిలబడింది. ఆమెకి మోకాళ్ళు వంగవు, నోరు మాత్రం బాగా పనిచేస్తుంది.

"నాటకాలు ఇంక చెల్లవు. అదేమన్నా గుడ్డిదా? రేపటినుంచి నిజంగా ఆడాల. మా పిల్లలు మీ పిల్లల్ని నిజంగా పడేయాల, మీ పిల్లలు నిజంగా ఇడిపించుకోవాల" అంది.

"నిజంగా ఆడితే ఎవరో ఒకరు గెలుస్తారు గదా అమ్మా" అన్నాడు బాజీ.

"అందుకే గదయ్యా ఈయన్ని పెట్టుకుంది" అని నా వైపు చూపించింది. "ఏం నాంచారయ్యా, అన్నీ దానికి కనపడతయ్యి. గీత తొక్కింది కనపడుద్ది, చెయ్యి తగిలింది కనపడుద్ది. కూత తెగింది కనపడుద్దా?"

ఆమె చెప్పింది నిజం. కూతకు వెళ్ళిన మనిషి ఊపిరి తీయకుండా కబడ్డీ కబడ్డీ అంటూనే ఉండాలి. ఆ కూత తెగిందా లేదా అన్నది కెమెరాకి తెలియదు, పక్కనున్న రిఫరీ చెవికే తెలుస్తుంది. జనం అరుస్తుంటే యంత్రానికి అసలే వినబడదు. అందుకే ఆ ఒక్క విషయంలో రిఫరీ మాటే చివరిదని నియమం. తెగిందని నేను ఈల వేస్తే ఆ మనిషి అవుట్, ఎదుటి జట్టుకి ఒక పాయింటు. ఏ జట్టు ముందుంటే ఆ జట్టు కూత తెగ్గొడుతూ పోతే లెక్క సమానమవుతుంది.

"జనం గట్టిగా అరవాల, అంతే. నోళ్ళున్నయ్యి గదా!" అంది సామ్రాజ్యమ్మ. నూనె డబ్బా మోగించి అరుపులు మొదలుపెట్టించే పని బాజీకి అప్పజెప్పారు. నాకు అప్పజెప్పింది అబద్ధం. ఇన్నేళ్ళు అమ్మాయిలే మాట్లాడుకుని సమం చేసేవాళ్ళు, నేను చూసింది చూసినట్టు ఊదేవాణ్ణి. నా ఈల మీద అబద్ధం లేదని లోపల్లోపల కాస్త గర్వంగా ఉండేది. ఆ గర్వం ఈరోజుతో పోయింది.

కృత్తిక కార్తె, గురువారం. ఆట సమం.

ముప్పై ఒకటి, ముప్పై ఒకటి. హెచ్చరిక లేదు. పథకం పారింది.

అమ్మాయిలు నిజంగా ఆడారు. సామ్రాజ్యమ్మ మనవరాలు హిమ మా తుషారని మడమ పట్టి లాగితే ఆ చప్పుడు గ్యాలరీ దాకా వినబడింది. ఇద్దరూ ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళు. తుషార పెదవి చిట్లింది, నవ్వుతూ లేచింది. ఆ నవ్వు నేను ఎప్పుడూ చూడలేదు. ఆఖర్లో తూరుపు గేటు ఒక పాయింటు ముందుంది. తుషార కూతకు వెళ్ళింది, ఒకరిని తాకి వెనక్కి వస్తోంది. బాజీ డబ్బా మోగించాడు, జనం అరిచారు. నేను ఈల వేసి, కూత తెగిందని చెయ్యి ఊపాను.

ఇంటికి, అంటే మా వరస కుర్చీల దగ్గరికి, వచ్చాక జావ కలిపి ఇచ్చాను. తాగలేదు.

"నాన్నా, ఇయ్యాల నా కూత తెగిందా?"

"తెలిసి అడుగుతావేందే?"

"తెలుసు. నీ నోటితో చెప్పు."

"తెగలేదు."

"అమ్మ కూత ఎన్నడూ తెగలేదని నువ్వే గదా చెప్పేది? ఇప్పుడా పెద్దమ్మ ఏమందో ఇన్నావా? 'నీలవేణి కూత తెగింది' అంది. అమ్మ పేరు పెట్టి అంది."

కూత తెగిన మనిషి ఆటలో అందరికన్నా తక్కువ. పట్టుబడటం వేరు, దమ్ము లేకపోవడం వేరు. మూడువేల మంది ముందు నా కూతురికి దమ్ము లేదని చెప్పాను, చచ్చిపోయిన నా భార్యకి కూడా లేదని చెప్పించాను. సిగ్గేసింది.

జావ గిన్నె పక్కకి జరిపి మళ్ళీ అడిగింది. "గెలిస్తే ఎట్టా ఉంటది నాన్నా?"

"చచ్చిపోతాం."

"అది కాదు. గెలిచినప్పుడు, ఆ చిటికెలో, ఎట్టా ఉంటది?"

నాకు తెలుసు. పాతరోజుల్లో ఎంతోమంది గెలవగా చూశాను. ఇక్కడ పుట్టిన ఒక్క పిల్లకీ తెలియదు. చెబితే ఆశ పెట్టినట్టవుతుందని జావ తాగి పడుకోమన్నాను.

కృత్తిక కార్తె, శనివారం. ఆట సమం.

జనంలో ఏదో మార్పు వచ్చింది. నాకు నచ్చలేదు.

ఇన్నేళ్ళూ ఆట అంటే చలవ కోసం కాచుకునే వేళ. ఉల్లిపాయలు ఒలుచుకుంటూ, పిల్లలకి పేలు చూస్తూ చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇప్పుడు ముందుగానే వచ్చి కూర్చుంటున్నారు. తూరుపు వాళ్ళు, పడమర వాళ్ళు నీళ్ళ వరసలో కూడా వాదించుకుంటున్నారు. నడవలేని ముసలాయన ఒకడు కొడుకు భుజాల మీద ఎక్కి కిందికి వచ్చి, ఏడో నంబరు అమ్మాయిని దగ్గర్నుంచి చూడాలన్నాడు. నన్ను చూసి మాత్రం ముఖం తిప్పుకున్నాడు. అబద్ధపు ఈల వేసేది తన ప్రాణం కోసమేనని తెలిసినా కోపం ఆగలేదు.

బాజీ ఈరోజు రెండుసార్లు డబ్బా కొట్టడం మరిచిపోయాడు. అడిగితే, "ఏంటోనన్నా, చూస్తా ఉండిపోయా" అన్నాడు. గట్టిగా తిట్టాను. నవ్వుతూ తలవంచుకున్నాడు. అప్పుడే ఆ డబ్బా ఇంకొకరికి ఇవ్వాల్సింది.

బయట గాలి మంటలా కొడుతోంది. తెల్లవారుజామున కాలువకి వెళ్ళినవాళ్ళు వంతెన మీద చచ్చిన కాకులు చూశామన్నారు. రోహిణి వస్తోంది. అది దాటితే మృగశిర, చినుకు పడుతుంది. మృగశిర దాకా సమం చేస్తే చాలు, తర్వాత సంగతి తర్వాత అని సామ్రాజ్యమ్మ అంది. నేనూ అదే అనుకుంటున్నాను.

రోహిణి కార్తె, బుధవారం. తూరుపు గేటు గెలుపు.

పై మాట రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఈ నివేదికలో ఆ మాట రాయడం ఇదే మొదలు.

ఆట మొదటినుంచీ గట్టిగా సాగింది. హిమ తుషారని మూడుసార్లు పడేసింది. తుషార హిమని రెండుసార్లు తప్పించుకుంది. నేను అటు రెండు, ఇటు రెండు కూతలు తెగ్గొట్టాను. బాజీ డబ్బా వేళకి మోగింది, జనం వేళకి అరిచారు. ఆఖరి కూత వచ్చేసరికి తూరుపు గేటు ముప్పై నాలుగు, పడమర గేటు ముప్పై మూడు. కూతకు వెళ్ళేది తుషార. ఏం జరగాలో గ్యాలరీలో పసిపిల్లకి కూడా తెలుసు. జనం అరుస్తారు, నేను ఈల వేస్తాను, పడమర గేటుకి ఒకటి వస్తుంది, సమం.

తుషార గీత దాటి లోపలికి వెళ్ళింది. జనం అరుస్తున్నారు. ఎడమ మూలకి పోయి చెయ్యి చాపింది. వెనక్కి తిరిగేలోగా హిమ మడమ అందుకుంది. ఇద్దరూ పడ్డారు. ఇంకో ఇద్దరు మీద పడ్డారు. వాళ్ళ కింద నుంచి నా కూతురు మధ్యగీత వైపు పాకుతోంది. కూత తెగకుండా గీత ముట్టుకుంటే గెలుపు. అక్కడే తెగితే పట్టుబడినట్టు, సమం. ఇక నా అబద్ధం కూడా అక్కర్లేదు, హిమ కాస్త గట్టిగా పట్టుకుంటే చాలు.

ఇంకా కూత ఉందా, తెగిందా? అందరికీ అదే ప్రశ్న. మొదట మ్యాటు చుట్టూ ఉన్నవాళ్ళు అరుపు ఆపి ముందుకు వంగారు. వాళ్ళ వెనక వరసలు ఆగాయి. పై గ్యాలరీలు ఆగాయి. బాజీ డబ్బా చంకలో పెట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాడు. మూడువేల మంది ఊపిరి బిగబట్టారు. ఈ గుమ్మటంలో ఇంత నిశ్శబ్దం నేను ఎరగను. ఆ నిశ్శబ్దంలో సన్నగా, మట్టి తిన్నట్టున్న గొంతుతో, కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ అని ఒక్కటే చప్పుడు.

ఈల నా నోట్లోనే ఉంది. నేను మోకాళ్ళ మీద వంగి, చెవి దాని నోటి దగ్గర పెట్టి ఉన్నాను. జనం అరవకపోయినా నేను ఊది ఉండాల్సింది. పెద్దమ్మకి ఆ కూత వినబడిందో లేదో, దాన్ని నమ్మించగలిగేవాణ్ణో లేదో తర్వాత తేలేది. కానీ నేను ఊదలేదు. కూతురని కాదు, మూడువేల ప్రాణాలు పట్టక కాదు. మరిచిపోయాను. వింటున్నాను, అంతే. నీలవేణి కూత కూడా చివరికొచ్చేసరికి ఇలాగే ఉండేది. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అనుకుంటూ వింటున్నాను.

తుషార వేళ్ళు గీత మీద పడ్డాయి. కూత ఉంది.

అప్పుడు లేచింది అరుపు. పైకప్పు రేకులు అదిరాయి. పడమర గేటు వాళ్ళు కూడా అరిచారు. సామ్రాజ్యమ్మ కర్ర పారేసి రెండు చేతులూ ఎత్తింది. హిమ పట్టుకున్న మడమ వదిలి, అదే మనిషిని ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకుంది. జనమంతా తుషారా, తుషారా అని పిలుస్తున్నారు. ఇన్నేళ్ళలో దాని పేరు ఈ గుమ్మటంలో మోగడం ఇదే మొదలు. అది నా వైపు చూసింది. ఎట్టా ఉంటదని ఆ రోజు అడిగినదానికి నేనిక జవాబు చెప్పక్కర్లేదు.

"అభినందనలు" అంది పెద్దమ్మ. "ఫైనల్ విజేత తూరుపు గేటు. ఉత్తమ క్రీడాకారిణి, ఏడో నంబర్, నీలవేణి." ముందు హాల్లో కప్పు పెట్టిన గాజుపెట్టె దానంతటదే తెరుచుకుంది. "సీజన్ ఇంతటితో ముగిసింది. ప్రేక్షకులు సామాన్లు మరిచిపోకుండా, క్రమశిక్షణతో బయటికి వెళ్ళగలరు. కాసేపట్లో ప్రాంగణంలో చెదల మందు వదులుతాం."

పైనుంచి గాలి ఆగింది. ఆ చప్పుడు ఆగాకే దాన్ని ఎన్నేళ్ళుగా వింటున్నామో తెలిసింది.

ఎవరూ ఒకరినొకరు తిట్టుకోలేదు. తిడితే బాగుండేది. దుప్పట్లు, కుండలు, గోంగూర మొక్కలు, పడుకున్నవాళ్ళని మంచాలతో సహా మోసుకుంటూ గేట్ల వైపు నడిచారు. బాజీ ఆ డబ్బా చేత్తో పట్టుకుని పంపు పక్కన కూర్చుని ఏడ్చాడు. లేవదీసి తీసుకొచ్చాను. బయట పొద్దు ఇంకా నడినెత్తినే ఉంది.

రోహిణి కార్తె, ఆదివారం. ఆట లేదు.

గుమ్మటాన్ని ఇన్ని పనులకి వాడటం చూశాను, ఇది ఆఖరిది. ఇప్పుడు దీన్ని నీడకి వాడుకుంటున్నాం. పొద్దున పడమర గోడ పక్కన, సాయంత్రం తూర్పు గోడ పక్కన. నీడతో పాటు జనమంతా గోడ చుట్టూ జరుగుతుంటాం. నడిమధ్యాహ్నం నీడే ఉండదు. అప్పుడు ఏలూరు కాలువలోకి దిగుతాం. వంతెన కింద మెడలోతు నీళ్ళలో నిలబడటానికి అందరికీ చోటు చాలదు, వంతులు వేసుకున్నాం. నీళ్ళు కూడా వేడెక్కాయి.

తలుపులు లాగి చూశాం, కొట్టి చూశాం. ఊళ్ళో కప్పు నిలిచిన ఇళ్ళు వెతకడానికి కొందరు వెళ్ళారు. తిరిగొచ్చినవాళ్ళు కొందరే. పోయినవాళ్ళని కాలువ గట్టున పెడుతున్నాం. ఎంతమందో నేను రాయను.

సామ్రాజ్యమ్మ నీళ్ళలో తన వంతు వద్దంది. "నా మోకాళ్ళు దిగవులే. పిల్లల్ని దింపండి" అని గోడకి ఆనుకుని కూర్చుంది. నిన్న మధ్యాహ్నం తుషార తన తడి చున్నీ తెచ్చి ఆమె తలమీద కప్పింది. నేనూ అక్కడే ఉన్నాను.

"అమ్మమ్మా, నన్ను తిట్టు" అంది తుషార.

"ఎందుకే తిట్టేది? అరవాల్సిందాన్ని నేను అరవలా, ఊదాల్సిన మీ నాన్న ఊదలా. నువ్వు ఆడమన్నట్టు ఆడావ్." ఆయాసంతో ఆగి, మళ్ళీ అంది. "ఇన్నేళ్ళు ఆట నేర్పా. ఒక్క ఆట చూశా."

సాయంత్రం నీడ తూర్పుకి తిరిగాక జరుగుదామని లేపితే లేవలేదు. హిమ, తుషార ఇద్దరే ఆమెని గట్టుకి మోశారు.

గెలిచిన ఆ కప్పుతోనే నీళ్ళు కొలిచి పోస్తున్నాం, మనిషికి ఒక కప్పు. బంగారు పూత అప్పుడే లేస్తోంది. మృగశిర ఇంకా చాలా దూరముంది. ఉత్తరాన మబ్బేమైనా ఉందా అని అందరూ చూస్తున్నారు. నేనూ చూశాను, లేదు.

ఇది రాస్తుంటే తుషార వచ్చి పక్కన కూర్చుంది. పెదాలు ఎండి పగిలాయి. దాని వంతు నీళ్ళు ఎవరి పిల్లకో పోసిందని నాకు తెలుసు, అడగలేదు. నా భుజం మీంచి వంగి కాగితం చూసింది. బుధవారం ఆట స్కోరు పట్టికలో, ఆఖరి కూత ఎవరిదన్న గడిలో, ఏడో నంబర్ అని రాసి పేరు రాయకుండా వదిలేశాను. దాని ముందే రాశాను, తుషార అని.

ఆ మాట మీద వేలు పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది.

"నాన్నా. నిజం చెప్పు. నా కూత తెగలేదు గదా?"

"తెగలేదమ్మా" అన్నాను. "గీత దాకా వినపడింది."